మామయ్య తెచ్చిన మ్యాక్‌లో అమ్మ ట్యాలీ ఎందుకు తెరుచుకోదు?



ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మనకు. ఒక ఇల్లు ఊహించుకుందాం. గాజువాకలో ఉండే ఒక అమ్మ, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, ఆటోనగర్‌లోని ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ పనికి కుదిరారు. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే చేసుకోవచ్చన్నారు. ఇంట్లో అమెరికా నుంచి మామయ్య తెచ్చిన మ్యాక్‌బుక్ ఉంది. తొమ్మిదో తరగతి అబ్బాయి ప్రాజెక్టులన్నీ అందులోనే. సోమవారం పని మొదలు. శనివారం సాయంత్రం కూర్చుని చూస్తే, అందులో ట్యాలీ ఇన్‌స్టాల్ కాదని తెలిసింది. ఇప్పుడేం చేయాలి?

లోపం ఎక్కడుంది?

ఎక్కడా లేదు. మన శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి గుణుపూర్‌కు ఒకప్పుడు నారోగేజ్ రైలు నడిచేది. పెద్ద లైన్ బండి ఆ పట్టాల మీదకు వెళ్లలేదు. ప్రయాణికులు నౌపడలో దిగి బండి మారాల్సిందే. బండీ మంచిదే, పట్టాలూ మంచివే. కొలతలే వేరు. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం అడిగే సేవలు మ్యాక్‌లోనో లినక్స్‌లోనో అదే రూపంలో ఉండవు. ట్యాలీ విండోస్ కోసమే తయారైంది. ఇంజినీరింగ్ డిజైన్‌లో వాడే సాలిడ్‌వర్క్స్ కూడా అంతే. ఆటోక్యాడ్‌కు మాత్రం విండోస్‌తో పాటు మ్యాక్ వెర్షన్ కూడా ఉంది.

ఉన్న దారులు

1. బ్రౌజర్‌లో దొరుకుతుందేమో చూడండి. ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే. ఆటోక్యాడ్‌కు వెబ్ వెర్షన్ ఉంది. చిన్న మార్పులకు సరిపోతుంది, పూర్తి పనికి చాలదు. ట్యాలీప్రైమ్ రిపోర్టులను బ్రౌజర్‌లో చూసుకోవచ్చు, కానీ ఓచర్ల ఎంట్రీ అందులో కుదరదు. క్లౌడ్‌లో ట్యాలీని అద్దెకు తీసుకునే పద్ధతి కూడా ఉంది. దాని ఖర్చు ఆఫీసు భరిస్తుందా అని అడగండి.

2. ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటి నుంచి నడపండి. దీన్నే రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ట్యాలీ ఆఫీసులోనే నడుస్తుంది, మీ మ్యాక్‌లో దాని తెర కనిపిస్తుంది. మ్యాక్ కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే ‘విండోస్ యాప్’ ఉచితం. అయితే ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉండాలి. హోమ్ ఎడిషన్ బయటి నుంచి వచ్చే ఇలాంటి కనెక్షన్‌ను అనుమతించదు. ఆఫీసు అనుమతి, సురక్షితమైన కనెక్షన్ తప్పనిసరి. కరెంటు గానీ నెట్ గానీ ఏ వైపు పోయినా పని ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక విశాఖలో ఎన్ని రోజులు రెండూ లేకుండా గడిపామో గుర్తుంది కదా! నెలాఖరు రిటర్నులను చివరి రోజుకు వదలకండి.

3. మ్యాక్ లోపలే విండోస్ పెట్టుకోండి. దీన్ని వర్చువల్ మెషీన్ అంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2020 నవంబరు నుంచి యాపిల్ తన సొంత ఎం చిప్‌లతో మ్యాక్‌లు తెస్తోంది. పాత ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్‌తో నేరుగా విండోస్ నడిచేది. ఎం చిప్‌లలో ఆ సౌకర్యం లేదు. పారలల్స్ వంటి సాఫ్ట్‌వేర్ కొనుక్కుని, ఆర్మ్ చిప్‌ల కోసం చేసిన విండోస్ 11 పెట్టుకోవాలి. చాలా మామూలు ప్రోగ్రాంలు అందులో నడుస్తాయి. డ్రైవర్లు మాత్రం ఆర్మ్ కోసమే ప్రత్యేకంగా తయారై ఉండాలి. జీఎస్టీ రిటర్నుల మీద కంపెనీలు డిజిటల్ సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్‌తో చిక్కు వచ్చేది ఇక్కడే. మెమరీని కూడా రెండు సిస్టమ్‌లు పంచుకుంటాయి కాబట్టి 8 జీబీ ఉన్న మ్యాక్‌లో పని నత్తనడకే.

4. లినక్స్ వాడేవారికి వైన్ ఉంది. 1993లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్, విండోస్ ప్రోగ్రాంల అడుగులను లినక్స్‌కు అర్థమయ్యేలా మారుస్తుంది. కొన్ని చక్కగా నడుస్తాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి. ఇతరుల లెక్కలు చూసే పనికి, బాగా పరీక్షించకుండా దీని మీద ఆధారపడవద్దు.

5. చిన్న విండోస్ కంప్యూటర్ కొనండి. రోజూ గంటలకొద్దీ పనుంటే చాలాసార్లు ఇదే చవకైన దారి. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే అందులో విండోస్ 11 నడుస్తుందో లేదో చూసుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

వద్దనే వద్దు

శనివారం రాత్రి కంగారులో ఎవరో ఒకరు “క్రాక్ వెర్షన్ ఉంది, పంపనా?” అంటారు. వద్దని చెప్పండి. అలాంటి ఫైళ్లతో పాటు వైరస్ వస్తే పోయేది మీ ఫొటోలు మాత్రమే కాదు, యజమాని మిమ్మల్ని నమ్మి ఇచ్చిన లెక్కలు కూడా. ఇంకో మాట. పక్కనే కూర్చున్న అబ్బాయి అంతా చూస్తున్నాడు. కాపీ కొట్టకూడదని మనం బడిలో చెప్పే పాఠం ఇంట్లో ఆ క్షణాన వీగిపోతుంది.

మరి ఆ అమ్మ ఏం చేయాలి?

ముందు ఆదివారంలోగా యజమానికి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాలి. ఇది చేతకానితనం కాదు, అడగవలసిన ప్రశ్నే. వారానికి మూడు రోజులే కాబట్టి రెండో దారి సరిపోతుంది. టోకెన్ ఆఫీసులోనే ఉంటుంది, సంతకాల పని అక్కడికి వెళ్లిన రోజున చేసుకోవచ్చు. మ్యాక్‌లో అమ్మకూ అబ్బాయికీ వేర్వేరు యూజర్ అకౌంట్లు, వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టాలి. అబ్బాయి ఆన్‌లైన్ క్లాసు, అమ్మ పని ఒకే గంటలో పడకుండా టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించాలి.

లాప్‌టాప్ కొనే ముందు అడగండి

• ఈ పనికి లేదా కోర్సుకు ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ కావాలి? పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరుతుంటే డిపార్ట్‌మెంట్‌ను అడిగాకే కొనండి.
• అది ఏ సిస్టమ్‌లో నడుస్తుందని తయారీదారు చెబుతున్నారు?
• టోకెన్, ప్రింటర్, స్కానర్‌లకు డ్రైవర్లు ఉన్నాయా?
• లైసెన్స్ ఎవరు కొంటారు? అర్హులైన విద్యార్థులకు ఆటోడెస్క్ వంటి కంపెనీలు ఉచితంగా ఇస్తున్నాయి.
• తిప్పి ఇచ్చే గడువు ఎన్ని రోజులు?

పిల్లలతో కలిసి ఒక ప్రయోగం

డీటీపీ షాపులో అను ఫాంట్‌తో టైప్ చేసిన తెలుగు ఫైలు ఒకటి తెచ్చి, ఆ ఫాంట్ లేని ఇంటి కంప్యూటర్‌లో తెరవండి. పిచ్చి గీతలు కనిపిస్తాయి. తర్వాత అదే వాక్యాన్ని యూనికోడ్‌లో, మండలి లేదా రామభద్ర వంటి ఉచిత ఫాంట్‌తో టైప్ చేసి, మీ ఫోన్‌కు పంపి చూడండి. ఫాంట్ మారినా అక్షరం మారదు. ఎందుకని పిల్లలనే అడగండి. వాళ్లు చెప్పిన జవాబును డైరీలో రాయించి క్లాస్ టీచర్‌కు చూపించమనండి.