బేస్‌మెంట్ పైనా, కిందా?

మేస్త్రిని "బేస్‌మెంట్ ఏది?" అని అడిగితే నేల పైకి చూపిస్తాడు. అదే మాట మన సివిల్ వాళ్లని అడిగితే నేల కిందికి చూపిస్తారు. ఇద్దరూ కరెక్టే.

మన ఊళ్లలో పునాది గోడల్ని నేలమట్టం కంటే పైకి లేపి, మధ్యలో మట్టి కొట్టి దిమ్మిస చేసిన ఎత్తుని బేస్‌మెంట్ అంటారు. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల సాయంలో మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాక వస్తుంది. అక్కడా అర్థం ఇదే. మన టెక్స్ట్‌బుక్‌లో దాని పేరు ప్లింత్. వాననీళ్లు గడప దాటి రాకుండా ఉండడానికే ఆ ఎత్తు. నేల కింద గదిని పాత తెలుగులో నేలమాళిగ అనేవాళ్లు, ఇప్పుడు సెల్లార్ అంటున్నాం. నేలమట్టంలోనే పిల్లర్ల మధ్య వదిలిన స్టిల్ట్ పార్కింగ్‌ని కూడా సెల్లారే అనేస్తున్నాం.

పేరు ఏదైనా, బహదూర్‌పల్లి, మైసమ్మగూడ, కొంపల్లి వైపు అపార్ట్‌మెంట్లలో సగం జీవితం అక్కడే. వినాయకుణ్ణి కూర్చోబెట్టేది అక్కడ. వాన పడితే బతుకమ్మ ఆడేది అక్కడ. అర్ధరాత్రి బర్త్‌డే కేకు, అసోసియేషన్ మీటింగు, క్యారమ్స్, పెళ్లి భోజనాల బంతి అన్నీ అక్కడే. చాలా చోట్ల వాచ్‌మెన్ కుటుంబం ఇల్లు కూడా అదే. కొన్ని హాస్టళ్లలో మెస్సు, స్టడీ రూమ్ కూడా కిందే పెడతారు.

రూల్ మాత్రం వేరు. 2012 నాటి జీవో 168 ప్రకారం సెల్లార్ పార్కింగ్ కోసం. అందులో 10 శాతం దాకా జనరేటర్, ఏసీ ప్లాంటు, కరెంటు ప్యానెళ్ల లాంటి వాటికి వాడుకోవచ్చు. మనుషులు నివసించడానికి కాదు.

ఎందుకో మన పక్కనే కనబడింది. 2023 సెప్టెంబరు మొదటి వారం వానలకి మైసమ్మగూడలో అపార్ట్‌మెంట్ల కింది అంతస్తుల్లోకి నీళ్లు వచ్చి స్టూడెంట్స్ ఇరుక్కుపోయారు. జేసీబీలతో బయటికి తెచ్చారు. పై అంతస్తులు ఉన్నాయి కాబట్టి ఎక్కగలిగారు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వరద వచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు.

"నీళ్లు వస్తే తలుపు తీసుకుని వచ్చేస్తాం కదా" అనిపిస్తుంది. ఫస్టియర్ ఫార్ములా వేసి చూద్దాం. 0.9 మీటర్ల వెడల్పు తలుపు బయటికి తెరుచుకుంటుంది అనుకోండి. బయట 0.6 మీటర్ల నీళ్లు, అంటే రెండడుగులు. లోపల ఇంకా నీళ్లు లేవు. తలుపు మీద బలం = సాంద్రత × g × లోతు వర్గం × వెడల్పు ÷ 2 = 1000 × 9.8 × 0.36 × 0.9 ÷ 2. సుమారు 1590 న్యూటన్లు, అంటే 160 కిలోల బరువు. ఈ బలం తలుపు వెడల్పు మధ్యలో పనిచేస్తుంది కాబట్టి హ్యాండిల్ దగ్గర తోస్తే 80 కిలోలు చాలు. అది కూడా ఒక్కరి వల్ల కాదు. లోతు మూడడుగులైతే బలం రెట్టింపు దాటుతుంది, ఎందుకంటే లోతు వర్గంతో పెరుగుతుంది. మోకాలు దాటాక ఆలోచిద్దాం అంటే ఆలస్యమే.

అందుకే హాస్టల్ చూడ్డానికి వెళ్తే రెంటుతో పాటు ఇవీ చూడండి. మెస్సు, స్టడీ రూమ్ ఏ మట్టంలో ఉన్నాయి? పైకి రెండో దారి ఉందా? ర్యాంపు మొదట్లో రోడ్డు నీళ్లని ఆపే ఎత్తు ఉందా? నీళ్లు తోడే మోటారు కరెంటు పోయినా నడుస్తుందా? వాచ్‌మెన్ అన్న వాళ్ల పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారు?

చివరి ప్రశ్న ఓనర్‌ని మనం అడగకపోతే ఇంకెవరూ అడగరు. పండగలు కిందే చేసుకుందాం. నిద్ర, చదువు మాత్రం మేస్త్రి చెప్పే బేస్‌మెంట్‌కి పైనే ఉండాలి.