నాగార్జునకొండకు మరల మరల

నాగార్జునసాగర్ జలాశయం నడుమ ద్వీపమై నిలిచినది నాగార్జునకొండ. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే వెలసింది. 1955లో నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోనున్నందున పురావస్తుశాఖ 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండపైన, ఒడ్డునగల అనుపులో పునర్నిర్మించింది.

శిలలకు దక్కిన ఆ భాగ్యం లోయలోని పల్లెలకు దక్కలేదు. మా తాతగారిది అట్టి పల్లెయే. బాల్యంలో ప్రతి వేసవిలోను, కల్లాలలోని మిరప అమ్ముడుపోయిన పిమ్మట, ఆయన మమ్ములను లాంచీలో కొండకు తీసుకొనిపోయేవారు. నడిమధ్యలో లేచి నిలిచి, "మన చేను అదిగోరా!" అని నీటిని చూపేవారు. నాకు అలలే కనిపించేవి. అయినను ఆయన జలాశయాన్ని ఏనాడూ నిందించలేదు. 1967లో నీరు వదలిన కుడికాలువయే కదా, మా కొత్త ఊరి మిరపకు, పత్తికి ప్రాణాధారం!

ఇప్పుడు విద్యార్థులను వెంటబెట్టుకొని వెళుతున్నాను. అనుపులోని రంగస్థలం మెట్లపై కూర్చుండబెట్టి పాఠం చెబుతాను. వారు రాజుల పేర్లు, సంవత్సరాలు శ్రద్ధగా వ్రాసుకొంటారు. ఎవరైనా ఒక్కరు "మరి ఆ ఊళ్ళవారు ఏమయ్యారండీ?" అని అడిగితే, ఆనాటి పాఠం మరొక గంట సాగుతుంది.