బార్బడోస్ చారిత్రక కట్టడాలు: పరీక్షకు గుర్తుంచుకోవాల్సినవి

రాజధాని బ్రిడ్జ్‌టౌన్. పాత పట్టణం, దాని పక్కనున్న బ్రిటిష్ సైనిక స్థావరం ‘గారిసన్’ కలిపి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి.

పార్లమెంటు స్థాపన 1639. ఇప్పటి భవనాలు మాత్రం 1870ల నాటివి. ఈ రెంటినీ తారుమారు చేసి అడుగుతారు, జాగ్రత్త. నిధే ఇజ్రాయెల్ యూదు ప్రార్థనా మందిరం: 1654. తుపానులో కూలితే 1833లో మళ్లీ కట్టారు. జార్జ్ వాషింగ్టన్ 1751లో బస చేసిన ఇల్లు గారిసన్ పరిధిలోనిదే. ఆయన చేసిన ఏకైక విదేశీ యాత్ర ఇది. బ్రిటిష్ నౌకాదళ అడ్మిరల్ నెల్సన్ విగ్రహం: ప్రతిష్ఠ 1813, తొలగింపు 2020.

స్వాతంత్ర్యం 1966, గణతంత్రం 2021. రెండూ నవంబరు 30నే. తొలి అధ్యక్షురాలు సాండ్రా మేసన్.

మన పరీక్షల్లో ఎక్కువ అవకాశం బ్రిడ్జ్‌టౌన్‌లోని క్రికెట్ మైదానం కెన్సింగ్టన్ ఓవల్‌కే: 2024 జూన్ 29న టీ20 ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికాపై భారత్ 7 పరుగుల తేడాతో గెలిచింది ఇక్కడే.