ఇంటికి, పొలానికి వెల్డింగ్ మిషను: కొనేముందు చూసుకోవాల్సినవి



మనం కలుపు మందు కొట్టం. కలుపు తీసే టైములో వీడరు హ్యాండిల్ జాయింటు ఊడిందనుకోండి, వెల్డింగ్ షాపు కోసం రెండు మూడు రోజులు ఆగితే కలుపు పంటను మించిపోతుంది. అందుకే "చిన్న మిషను ఇంట్లో పెట్టుకోవచ్చా అన్నా?" అని చాలామంది అడుగుతున్నారు. పొద్దున ఉస్మానియా క్యాంపస్‌లో నడకకు వెళ్తే, తార్నాకలో ఇల్లు, ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళదీ ఇదే మాట. పెట్టుకోవచ్చు. తార్నాకలో మా మిద్దె మీద సొర పందిరి, జీవామృతం డ్రమ్ము స్టాండు దీంతోనే చేశాం. వీడియోలో చూడండి.

ఏ రకం? పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషను మొండిది, కానీ బరువు ఎక్కువ, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇంటికైతే సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మిషను మేలు. ఒక చేత్తో పట్టుకుని పొలానికి తీసుకుపోవచ్చు.

ఎన్ని ఆంప్స్? పేరులో 200 అని ఉంటే సరిపోదు, వెనక ప్లేటు చదవండి. "160 ఆంప్స్, 60 శాతం" అని ఉంటే, 160 మీద 10 నిమిషాల్లో 6 నిమిషాలే కాల్చాలి, 4 నిమిషాలు ఆపాలి అని అర్థం. మన పనికి 2.5 ఎంఎం (12 నంబరు) 6013 రాడ్డు చాలు. దానికి 70 నుంచి 90 ఆంప్స్ పెడితే సరిపోతుంది.

ఇంటి కరెంటు ఆగుతుందా? 2.5 రాడ్డుకు మంచి వైరింగు ఉన్న 16 ఆంప్స్ సాకెట్ సరిపోతుంది. 3.15 (10 నంబరు) రాడ్డు వాడాలంటే విడిగా లావు వైరు లాగి, దానికి తగ్గ ఎంసీబీ పెట్టించండి. ఎర్తింగ్ తప్పనిసరి. ఊళ్ళో లో వోల్టేజీ ఉంటుంది కాబట్టి, మిషను ఎంత వోల్టేజీ దాకా పనిచేస్తుందో అడగండి.

ఇక్కడ మాత్రం అశ్రద్ధ వద్దు

- నేను మొదట్లో "రెండు టాకాలే కదా" అని అద్దం లేకుండా కొట్టాను. ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నిద్ర లేదు. 10 లేదా 11 నంబరు నల్లద్దం ఉన్న హెల్మెట్, తోలు గ్లౌజులు మిషనుతో పాటే కొనండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.
- జీఐ పైపు కాలిస్తే వచ్చే తెల్లపొగ పీలిస్తే జ్వరం వస్తుంది. అతుకు దగ్గర పూత గీకేసి, గాలి వచ్చేచోట చేయండి.
- డీజిల్ డ్రమ్ము, పురుగుమందు డ్రమ్ము ఖాళీదైనా వెల్డింగ్ చేయొద్దు, పేలుతుంది.
- మన పొలంలో ఆచ్ఛాదన ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. గడ్డి పక్కకు లాగి, బకెట్‌తో నీళ్ళు పెట్టుకోండి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఈ సామాన్లు దొరుకుతాయి. డబ్బు కట్టేముందు షాపులోనే ఒక రాడ్డు కాల్చి చూపించమనండి, సర్వీసు ఎక్కడ చేస్తారో అడగండి. ఇంటికొచ్చాక ముందు తుక్కు ఇనుము మీద ఒక ప్యాకెట్ రాడ్లు కాల్చి చెయ్యి కుదుర్చుకోండి. ఆ తర్వాతే వీడరు ముట్టుకోండి.