దివిసీమ ఉప్పెన – మడ అడవులు

పిల్లలూ! మన శాన్ రామన్ నుండి చూస్తే డయాబ్లో కొండ కనిపిస్తుంది కదా! 2020 సెప్టెంబరు 9వ తేదీన ఈ ప్రాంతంలో పట్టపగలే ఆకాశం నారింజ రంగుకు మారినది. అడవి మంటల పొగ వలన అలా జరిగినది. ఆనాటి సంగతి మీ అమ్మానాన్నలను అడగండి. ఆ రోజులలో చాలామంది తలుపులు మూసుకొని ఇంట్లో కూర్చున్నారు. పొలాలలో కూలిపని చేసేవారు మాత్రం పొగలోనే పనిచేశారు. ఆపద అందరికీ వచ్చినా, కష్టం పేదలకే ఎక్కువ. మన తెలుగునాట జరిగిన ఒక సంఘటన కూడా ఈ విషయమే చెబుతుంది.

కృష్ణానది సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్న నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అక్కడి ఊళ్ళు. 1977 నవంబరు 19న అక్కడ పెను తుపాను వచ్చినది. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ళపైకి పొంగినది. దీనినే ఉప్పెన అంటారు. 10,000 మందికి పైగా చనిపోయారు. తీరంలోని జాలరులకు, వ్యవసాయ కూలీలకు ఉన్నవి పూరిగుడిసెలే. ఎక్కి ప్రాణం దక్కించుకోవడానికి వారికి మేడలు లేవు. బ్రతికినవారికి పశువులు, పడవలు, వలలు మిగలలేదు. ఉప్పునీరు నిలిచిన పొలంలో వరి పండదు. పేదలు మరింత పేదలయ్యారు.

నది, సముద్రం కలిసే బురద నేలలో మడ చెట్లు పెరుగుతాయి. వాటి వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. అలల వేగాన్ని తగ్గిస్తాయి. వాటి నీడలో చేపలు, రొయ్యలు, పీతలు పెరుగుతాయి. 1999లో ఒడిశాలో పెను తుపాను వచ్చినప్పుడు, కేంద్రపడ జిల్లాలో మడ అడవి దట్టంగా ఉన్నచోట ఊళ్ళలో మరణాలు తక్కువని పరిశోధకులు కనుగొన్నారు.

మరి ఆ అడవిని ఎవరు నరికారు? వంటచెరకు కొనలేని పేదలు కొంత నరికారు. తరువాత లాభం కోసం కొందరు రొయ్యల చెరువులు తవ్వారు. అడవి తగ్గితే చేపలు తగ్గుతాయి. జాలరి ఆదాయం తగ్గుతుంది. అతడు మళ్ళీ కట్టెల కోసం అడవికే వెళ్తాడు. ఇది గానుగెద్దు తిరుగుడు వంటిది.

ఈ తిరుగుడును ఆపవచ్చును. కృష్ణా, గోదావరి ముఖద్వారాలలో గ్రామస్థులు చిన్న కాలువలు తవ్వి, పోటు నీరు పారేటట్లు చేసి, మడ మొక్కలు నాటారు. తీరంలో తుపాను రక్షణ భవనాలు కట్టారు. 1990 మే నెలలో కృష్ణా తీరంలోనే మరో పెను తుపాను వచ్చినది. ముందే లక్షల మందిని తరలించారు. అప్పుడు చనిపోయినవారు సుమారు వెయ్యి మంది. అదీ దుఃఖమే, కాని 1977తో పోల్చి చూడండి.

తుపానును మనం ఆపలేము. చెట్టును కాపాడగలము, పేదవానికి గట్టి ఇల్లు కట్టించగలము. ఈ రెండు పనులూ కలిసి జరగాలి.

అర్థాలు
ఉప్పెన = తుపాను వలన ఊళ్ళపైకి పొంగే సముద్రం
పాయ = నది చీలిక
వంటచెరకు = పొయ్యిలో పెట్టే కట్టెలు
పోటు = సముద్రపు నీరు పైకి రావడం

ప్రశ్నలు
1. దివిసీమ ఎక్కడ ఉన్నది?
2. ఉప్పెనలో పేదలు ఎక్కువగా ఎందుకు నష్టపోయారు?
3. మడ అడవి తగ్గితే జాలరికి ఏమవుతుంది?
4. మీ అమ్మమ్మను గాని, తాతయ్యను గాని వారు చూచిన తుపానును గురించి అడిగి, ఐదు వాక్యాలు వ్రాయండి.