చందుర్తి రౌతు – బొమ్మలలో చరిత్ర సత్యము

కళాశాల చరిత్ర సంఘము పక్షమున ఈ వ్యాసమును వ్రాయుచున్న మేము ముందుగా మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసి యున్నది. వార్షిక ప్రదర్శనమునకై చందుర్తి యుద్ధమును బల్లపై బొమ్మలతో అమర్చ బూనినప్పుడు, అంగడిలో దొరకిన అచ్చు గుఱ్ఱపు రౌతులను ఏబదింటిని కొని, సగమునకు ఎఱ్ఱరంగును సగమునకు నీలిరంగును పూసి, అందఱి ఱొమ్ములపై తెల్లని పట్టీలు దిద్ది, పని ముగిసినదని తలచితిమి. చూచుటకు ముచ్చటగనే యుండెను. కాని 1758లో గోదావరి సీమలో అట్టి రౌతు ఒక్కడైనను గుఱ్ఱ మెక్కి యుండడు.

చందుర్తి నేటి కాకినాడ జిల్లాలో గొల్లప్రోలునకు సమీపమున నున్న గ్రామము. ఆంగ్ల గ్రంథములలో ఈ యుద్ధమునకు కాండోరు యుద్ధమని పేరు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధానంతరము విజయరామరాజు హతుడు కాగా, విజయనగర సంస్థానమునకు వచ్చిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో పొసగక, బంగాళములో నున్న క్లైవునకు కబురంపెను. క్లైవు కర్నలు ఫోర్డును పంపెను. 1758 డిసెంబరులో ఫోర్డు సేనయు, కాన్‌ఫ్లాన్ నడపిన ఫ్రెంచి సేనయు చందుర్తి పొలములలో తలపడినవి. రాబర్ట్ ఆర్మ్ 1778లో ప్రకటించిన చరిత్ర సంపుటము ననుసరించి ఫోర్డు వద్ద 470 మంది తెల్లవారు, 1,900 మంది సిపాయీలు; ఫ్రెంచివారి వద్ద 500 మంది తెల్లవారు, 6,000 మంది సిపాయీలు, 500 మంది దేశీయ రౌతులు ఉండిరి. రాజుగారి పక్షమునను రౌతులు 500 మందియే.

బొమ్మకు రంగు వేయుటలో ఏమున్నది, ఎఱ్ఱనైన నేమి నీలమైన నేమి అని మాలో కొందఱు వాదించిరి. వారికి సమాధానము ఈ యుద్ధములోనే కలదు. 1757లో క్లైవు బంగాళములో నెత్తిన తొలి సిపాయి పటాలమునకు ఎఱ్ఱ అంగీలవలననే లాల్ పల్టన్ అను పేరు వచ్చినది. ఫోర్డు వెంట వచ్చిన సిపాయీలు బంగాళమువారే. చందుర్తిలో ఎత్తుగా పెరిగిన చేనొకటి ఫోర్డు యొక్క తెల్ల పటాలమును మఱుగుపఱచెను. ఎఱ్ఱ అంగీల సిపాయీలను చూచి ఫ్రెంచివారు వారినే ఇంగ్లీషు పటాలముగా భ్రమించి, వారిమీదికి ఉఱికి చెదరగొట్టిరి. అంతలో చేనిమాటున నున్న అసలు పటాలము ప్రక్కనుండి వచ్చి ఫ్రెంచివారిని చీల్చివేసెను. అంగీరంగు చూచి మోసపోయిన సేన చేతిలోనుండి ఉత్తర సర్కారులు జారిపోయినవి. 1759 ఏప్రిలులో ఫోర్డు మచిలీపట్టణపు కోటను గూడ పట్టుకొనెను.

ఇక రౌతు మాట. రంగు ఏదియని అడుగుటయే అతని విషయమున తప్పు, ఏలనగా నాటి దేశీయ రౌతునకు ఏకరూపమైన అంగీయే లేదు. ఎవని స్తోమత కొలది వాని దుస్తు. ఒకడు పత్తి దట్టించి కుట్టిన అంగరఖా తొడుగును, ఇంకొకడు మామూలు జామాపై నడుముకట్టు బిగించును. బల్లెము, తల్వారు, డాలు వాని సొత్తు. స్కిన్నరు దళమునకు ప్రసిద్ధమైన పసుపు అంగీలు 1803కు తరువాతివి. అట్టి రౌతును చందుర్తిలో నిలిపినచో నలుబదియైదేండ్లు ముందుగా పుట్టించినట్లగును. మొదటి మహాయుద్ధమున పాలస్తీనాలో పోరిన హైదరాబాదు లాన్సర్లను గూడ బొమ్మలవారు కవాతు దుస్తులతో చేయుట పరిపాటి. యుద్ధమున వారు ధరించినది ఖాకీ.

మా కళాశాలలో రెండు భాషలు నేర్చువారమగుట ఇక్కడ మాకు అక్కఱకు వచ్చినది. గుఱ్ఱపు సామాను పేర్లు వ్రాసికొనగా ఉర్దూ విద్యార్థులు జీన్, రికాబ్, లగామ్ అనిరి. తెలుగువారు అంకవన్నె, కళ్ళెము అనిరి గాని జీనునకు వేఱుమాట వెంటనే చెప్పలేకపోయిరి. నిఘంటువులో పల్లమను మాట దొరకినది. డెల్టావారము గనుక పల్లమనగా మాకు వరిచేనే తోచును! అయినను ఈ మాటల వేట వృథా కాలేదు. సిలేదారు, బారుగీరు అను రెండు పేర్లు అందువలననే మా కంటబడినవి. సొంత గుఱ్ఱముతో కొలువునకు వచ్చువాడు సిలేదారు. పరుల గుఱ్ఱమెక్కి జీతమునకు పోరువాడు బారుగీరు. ఈ భేదము ఎంత పెద్దదో బల్లపై ఆట ఆడినగాని మాకు తెలియలేదు.

కొలతలు చెప్పెదము. లండనులో బ్రిటన్సు సంస్థ 1893లో బోలు సీసపు రౌతులను అమ్మకమునకు తెచ్చిన పిమ్మట 54 మిల్లీమీటర్ల మనిషి కొలత వాడుకలో స్థిరపడినది. ఇది ముప్పదిరెండవ వంతు. మూపువఱకు 64 అంగుళముల ఐరోపా గుఱ్ఱము ఈ కొలతలో 2 అంగుళములగును. మన దక్కను తట్టువ 56 అంగుళములనుకొన్నను 1¾ అంగుళములే. పావు అంగుళమే గదా అనవచ్చును. ఆ పావు అంగుళముతో మా రౌతు కాళ్ళు నేలకు దగ్గఱగా వ్రేలాడినవి, చూపరులు నవ్విరి. నవ్వినను దానినే ఉంచితిమి. కొండపల్లి పద్ధతిని తెల్లపొణికి కఱ్ఱతో చెక్కి, చింతపిక్కల పొడియు ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో తలలు, తోకలు అతికితిమి. పొణికి తేలిక, కాళ్ళు సన్నగా చెక్కిన విఱుగును. కావున గుఱ్ఱములను నిలిచి యున్నట్లు చేయుటయే మేలు.

ఇరువది మందికి ఒక బొమ్మ చొప్పున రాజుగారి రౌతులు 25. ఎచ్. జి. వెల్సు 1913లో ప్రకటించిన ‘లిటిల్ వార్స్’ నాటినుండి ఇట్టి ఆటలకు నియమములు వ్రాయుట ఒక విద్యగా పెరిగినది. మొదటి ఆటలో మేము ఐరోపా రౌతుల నియమమునే వాడితిమి. మోకాలికి మోకాలు తగులునట్లు బారుతీరి, మా 25 బొమ్మలు ఫ్రెంచి రౌతులను తఱిమివేసినవి. చప్పట్లు మ్రోగినవి. కాని జరిగినది అట్లు కాదు. రాజుగారి సేన యుద్ధ సమయమున ఎండిన చెఱువు గర్భములో నక్కి యుండెననియు, ఫోర్డు ఎంత వేడినను ఓడిన శత్రువును తఱుముటకు కదలలేదనియు ఆర్మ్ వ్రాసినాడు. అతడు ఆ రౌతులను నీచముగా వర్ణించినాడు గూడ.

రెండవ ఆటకు నియమము మార్చితిమి. సిలేదారు గుఱ్ఱము కూలినచో ఆ బొమ్మ తిరిగి రాదు. బారుగీరునకు మఱియొక గుఱ్ఱము దొరకును. వెంటనే రాజుగారి పక్షమున ఆడుచున్న విద్యార్థి తన బొమ్మలను తానే చెఱువులోనికి దింపెను. ఎవరును చెప్పలేదు. గుఱ్ఱము పోయిన వాని బ్రతుకు పోవునని తెలిసినవాడు ఫిరంగి గుండునకు ఎదురేగునా? సంఘములో ఒకరిద్దఱు ఇది రాజుగారిని, తెలుగు వీరులను కించపఱచుట యనిరి. మేమట్లు తలపము. ఆర్మ్ యుద్ధమును కంట చూచినవాడు కాడు, గెలిచిన కంపెనీ పక్షమున వ్రాసినవాడు. వాని తిరస్కారమును నమ్మి ఎముకలు తేలిన గుఱ్ఱములు చేయుమని సలహా ఇచ్చినవారి మాటను గూడ మేము త్రోసిపుచ్చితిమి. సిలేదారు తన గుఱ్ఱమును పిల్లలవలె మేపుకొనును. మా గుఱ్ఱములు పొట్టివి గాని బక్కవి కావు.

కాన్‌ఫ్లాన్ మాత్రము ఆ దినమున గుఱ్ఱములను లెక్కచేయలేదు. ఓడినవెంటనే దారిలో గుఱ్ఱములు మార్చుకొనుచు, నలుబది మైళ్ళు పరుగెత్తించి, ఆ రాత్రికే రాజమహేంద్రవరము చేరెనట. ఆ సవారీని బల్లపై చూపుటకు ఆయనకు ఒక్క బొమ్మ చాలదు. మార్చు గుఱ్ఱములను ఇంకను చెక్కుచున్నాము.