ఇంటి పన్ను కాగితం చదువుదాం

విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక అక్క ఉందనుకుందాం. మిషను కుట్టింది. పొదుపు సంఘంలో దాచింది. బ్యాంకు అప్పు తెచ్చి, రెండు వాటాల డాబా కొన్నది. అంతకుముందు ఒక వాటాలో బట్టల కొట్టు ఉండేది. ఇప్పుడు రెండు వాటాల్లోనూ కాపురాలే ఉన్నాయి. వచ్చే అద్దెతోనే బ్యాంకు వాయిదా కట్టాలి.

ఒకరోజు కార్పొరేషన్ నుండి పన్ను కాగితం వచ్చింది. అంకె చూసి అక్క గుండె గుభేలుమంది.

"ఇంత పన్నా! ఇక వాయిదా ఎట్లా కట్టేది పిన్నీ?" అన్నది పక్కింటామెతో.

"కంగారు పడకమ్మా. కింద అంకె ఒక్కటే చూశావు. పైన రాసింది చదివావా?" అన్నది పిన్ని.

ఇద్దరూ కూడబలుక్కుంటూ చదివారు. నాలుగు సంగతులు తెలిశాయి.

పేరు: పాత యజమాని పేరే ఉంది. రిజిస్ట్రేషన్ అయితే చాలదు. పన్ను పుస్తకంలో కూడా పేరు మారాలి.

కొలత: 750 చదరపు అడుగులని ఉంది. గోడల బయటి నుండి టేపు పెట్టి కొలిచారు. పొడవు 30 అడుగులు, వెడల్పు 20 అడుగులు. 30 × 20 = 600. అంటే 150 అడుగులు ఎక్కువ రాశారు!

వాడకం: ఒక వాటా ఇంకా కొట్టు అనే ఉంది. కొట్టుకు పన్ను ఎక్కువ. అద్దెకిచ్చినా సరే, అందులో కాపురం ఉంటే అది నివాసమే.

బాకీ: పాత యజమాని కట్టని పన్ను కూడా కలిసి ఉంది. పన్ను బాకీ ఇంటిని వదలదు. అందుకే ఇల్లు కొనేముందే పన్ను రశీదులు అడిగి చూడాలి.

పన్ను ఎలా వేస్తారు?

పూర్వం ఇంటికి ఎంత అద్దె వస్తుందో లెక్కగట్టి పన్ను వేసేవారు. 2021 ఏప్రిల్ 1 నుండి మన రాష్ట్రంలో ఇంటి విలువను బట్టి వేసే పద్ధతి వచ్చింది. 2020లో చేసిన నియమాల ప్రకారం, నూరు రూపాయల విలువకు నివాసాలపై 10 పైసల నుండి 50 పైసల దాకా వేయవచ్చు. వ్యాపారానికి వాడే వాటిపై 20 పైసల నుండి 2 రూపాయల దాకా వేయవచ్చు.

లెక్క చూద్దాం. విలువ 10 లక్షలు అనుకోండి. నూటికి 10 పైసలైతే పన్ను 1,000 రూపాయలు. 20 పైసలైతే 2,000 రూపాయలు. చూశారా! ఒక్క మాట తప్పు రాస్తే ఎంత తేడానో.

అక్క ఏం చేసింది?

పన్ను సవరించమని అర్జీ రాసింది. దస్తావేజు నకలు, పాత పన్ను రశీదు జతచేసింది. నోటీసులో రాసిన గడువు దాటకముందే ఆఫీసులో ఇచ్చింది. అర్జీ అందినట్టు రశీదు తీసుకుంది. "డబ్బులిస్తే తగ్గించి పెడతా" అన్న దళారీని పొమ్మన్నది.

ఉద్యోగి వచ్చి కొలిచాడు. కొలత, వాడకం సరిచేశారు. పన్ను తగ్గింది. పేరు కూడా మారింది. పాత బాకీ మాత్రం తప్పలేదు, కట్టింది.

గుర్తుంచుకోండి

ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటే ఆ సంగతి వెంటనే ఆఫీసులో రాసివ్వండి. ఖాళీ ఇంటికి పన్ను తగ్గింపు అడిగే వీలుంది.

ఏప్రిల్ 30 లోగా ఏడాది పన్నంతా ఒకేసారి కడితే నూటికి 5 రూపాయల రాయితీ ఇస్తూ వచ్చారు. ఏ ఏటికాయేడు అడిగి తెలుసుకోండి. ఆలస్యమైతే వడ్డీ పడుతుంది.

పైన వేసిన గదిని దాచి పన్ను తగ్గించుకోవాలని చూడకండి. బయటపడితే ఇంకా ఎక్కువ కట్టాలి. వీధి దీపాలూ, కాలవల పూడికతీతా ఆ పన్నుతోనే జరగాలి. న్యాయమైన పన్ను కడదాం. తప్పు పన్నును ప్రశ్నిద్దాం.

చదివారు కదా! చెప్పండి

1. అక్క పన్ను కాగితంలో ఏయే తప్పులున్నాయి?
2. మీ ఇంటి పొడవు, వెడల్పు కొలవండి. చదరపు అడుగులు ఎన్ని?
3. మీ పన్ను కాగితంలో ఎవరి పేరుంది?